పన్నెండో పేరు

పటాన్‌చెరు,
12 జూన్ 1977.

అన్నయ్యకు నమస్కారాలు.

వదిన మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? ఈసారి మామిడిపళ్లు పంపొద్దని చెప్పు. కిందటేడు బుట్ట సికింద్రాబాదు స్టేషనులోనే కుళ్లిపోయింది. ఇక్కడ తొలకరి పడింది. కొత్త ఫ్యాక్టరీల కోసం లారీలు తిరిగి తిరిగి రోడ్డంతా బురద చేశాయి. ఆసుపత్రి పని మీద ఊళ్లకి సైకిలు మీద వెళ్లలేక నడిచే వెళ్తున్నాను.

ఒక సంగతి అడగాలని ఈ ఉత్తరం. నర్సింహమ్మ గురించి నీకు చెప్పాను కదా, ఎర్రకుంటపల్లి రైతు మనిషి. అరవైతొమ్మిదిలో ఆంధ్రా ఉద్యోగులు వెళ్లిపోవాలంటూ నా గది మీదికి జనం వస్తే, మూడు రోజులు తన ఇంట్లో పెట్టుకుంది. "ఇది నా చెల్లె. దీన్ని ముట్టాలంటే ముందుగాల నన్ను ముట్టుండ్రి" అని వాళ్లకి ఎదురు నిలబడింది. అప్పటినుంచి ఆమె కొడుకు యాదన్న నన్ను చిన్నమ్మా అంటాడు.

మొన్న గురువారం ఆమె ఒక కాగితం పట్టుకొచ్చింది. "చెల్లె, గీ కాగితంల ఏమున్నదో జెర సదివి చెప్పు. యాదడు సూసి మూలకు ఇసిరికొట్టిండు. ఏందిరా అంటే చెప్తలేడు."

కిందటి నవంబరులో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, యాదన్నని పట్టుకెళ్లి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసేశారు. కొత్తగా పెళ్లయినవాడు. భార్య బక్కమ్మని వాళ్లవాళ్లు పుట్టింటికి తీసుకెళ్లిపోయారు. ఎన్నికలై ప్రభుత్వం మారాక యాదన్న సంగారెడ్డిలో అర్జీ పెట్టాడు. దానికి జవాబు ఆ కాగితం. నేను చదివాను: "అర్జీదారు వయసు ముప్పయ్యెనిమిది. ముగ్గురు పిల్లల తండ్రి. ఇష్టపూర్వకంగా వేలిముద్ర వేసి ఒప్పుకున్నట్టు రికార్డు ఉన్నది. కనుక అర్జీ తోసివేయడమైనది."

నర్సింహమ్మ వేలితో కాగితాన్ని పొడుస్తూ అంది: "వానికి ఇరవై మూడు. ముగ్గురు పిల్లలు యాడికెల్లి వచ్చిండ్రు? ఏడో తరగతి దాక సదివి సంతకం జేసెటోడు ఏలిముద్ర ఎందుకేస్తడు? గా ఏలు ఎవనిది, చెల్లె?"

ఇలాంటి అర్జీలను మళ్లీ వినడానికి వచ్చే నెల నుంచి సంగారెడ్డిలో ఒక విచారణాధికారి కూర్చుంటారట. అన్నయ్యా, నువ్వు నలభై ఏళ్లు కోర్టులో పనిచేశావు. ప్రభుత్వ రికార్డులో తెలిసి అబద్ధం రాసిన ఉద్యోగికి శిక్ష ఏమిటి? వెంటనే రాయి.

నీ చెల్లెలు
నాగరత్నం

కాకినాడ,
21 జూన్ 1977.

చి. నాగరత్నాన్ని త్రినాథరావు ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అంతా కులాసా. మీ వదిన మోకాళ్లు ఆవిడ మాట వినవు, ఆవిడ నా మాట వినదు. మామిడిపళ్లు ఈసారి పచ్చివి పంపుతుందట.

నువ్వడిగినదానికి జవాబు: జైలు. రాతని బట్టి మూడేళ్లు మొదలు ఏడేళ్ల దాకా పడొచ్చు. అయితే నీ ఉద్దేశం నాకు తెలిసిపోయిందమ్మా. ఆ కుర్రాడి మీద జాలితో మీ డాక్టరు మీద ఫిర్యాదు చేయించాలని చూస్తున్నావు. వద్దు. పై అధికారితో పెట్టుకున్న కింది ఉద్యోగి బాగుపడ్డ కేసు నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. ప్రభుత్వాలు మారతాయి. ఆఫీసులో కూర్చునే మనుషులు వాళ్లే ఉంటారు. రేపు ఈ ప్రభుత్వమూ పోతే, నువ్వు ఆ డాక్టరు కిందే పనిచేయాలి.

ఆ నర్సింహమ్మగారికి మనం రుణపడి ఉన్నాం, కాదనను. అర్జీ మళ్లీ రాయించాలంటే తెల్లకాగితం మీద వివరాలు పంపు, నేను ముసాయిదా రాసి ఇస్తాను. నీ పేరు మాత్రం ఎక్కడా రాకూడదు.

ఆశీస్సులతో
త్రినాథరావు

పటాన్‌చెరు,
3 జూలై 1977.

అన్నయ్యా,

నువ్వు పొరబడ్డావు. నేను డాక్టరు గురించి అడగలేదు. ఆ అబద్ధం రాసింది నేను.

దాచుకోకుండా చెబుతాను. ఆ ఆపరేషన్ల క్యాంపుకి నర్సులం ఒక్కొక్కరం పన్నెండు మందిని చూపించాలన్నారు. చూపించలేకపోతే ఉద్యోగం ఉండదన్నారు. నా కాగితంలో పదకొండు పేర్లున్నాయి. యాదన్నని నేను తీసుకురాలేదు. ఫ్యాక్టరీ షిఫ్టుకి వెళ్తూ బస్సు కోసం నిలబడితే జీపు ఎక్కించి తెచ్చారు. ఒక బడిలో బల్లలు జతచేసి ఆపరేషన్లు చేస్తున్నారు. గుమ్మం దగ్గర రిజిస్టరుతో నేను కూర్చున్నాను. నన్ను చూడగానే అతని మొహం విప్పారింది.

"చిన్నమ్మా, నువ్వున్నవా! గీళ్లకు జెర చెప్పు. నాకు పెండ్లయి ఆర్నెల్లు గూడ కాలే."

డాక్టరుగారు నా వెనక నిలబడి ఉన్నారు. "రాయండి సిస్టర్. ముప్పయ్యెనిమిది. పిల్లలు ముగ్గురు."

నేను ఒక్క మాట అడ్డు చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. చెప్పలేదు. తల వంచుకుని రాశాను. సంతకం పెట్టనని యాదన్న చేతులు చంకల్లో దాచుకున్నాడు. అలాగే లోపలికి లాక్కుపోయారు. "ఆ గడి ఖాళీగా ఉండకూడదు" అని డాక్టరుగారు ఇంకుప్యాడు నా ముందుకి జరిపారు. ఎవరి వేలో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. నా ఎడమ బొటనవేలు అద్దాను. అప్పటికి నాకు పన్నెండు పూర్తయ్యాయి.

ఆ రోజు నేనక్కడున్నానని యాదన్న తల్లికి చెప్పలేదు. అందుకే ఆమె ఆ కాగితం చదివించుకోవడానికి నా దగ్గరికే వచ్చింది. ఇది నాకు అంతుపట్టక నిన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు వదిలేదాకా నిలబడ్డాను. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మా అవ్వ నిన్ను తోడబుట్టినదాని లెక్క చూస్తది. నాదెట్లనో పోయింది. గది గూడ తీసేయాల్నా?" అన్నాడు.

వేలిముద్ర సంగతి అతనికి అప్పుడే చెప్పాను. సైకిలు తాళం తీస్తూ అన్నాడు: "నా దగ్గర చెప్తే ఏమొస్తది? సంగారెడ్డిల చెప్పు."

చెబుతాను అన్నయ్యా. అతనికి మాటిచ్చాను. ఎలా చెప్పాలో, ఏ కాగితం మీద రాయాలో నువ్వు నేర్పు. అంతకు మించి ఏమీ వద్దు.

నాగరత్నం

కాకినాడ,
9 జూలై 1977.

చి. నాగరత్నానికి,

నీ ఉత్తరం పొయ్యిలో పడేశాను. ఇది చదివి నువ్వూ అదే పని చెయ్యి. ఇలాంటివి కాగితం మీద పెడతారా? నీకు బుద్ధుందా?

ఇరవై రెండేళ్లకి నీ భర్త పోతే, నలుగురూ నోరు పారేసుకుంటున్నా వినకుండా నిన్ను నర్సు ట్రైనింగులో చేర్పించాను. దరఖాస్తు పట్టుకుని ఎన్ని ఆఫీసుల మెట్లెక్కానో నీకు తెలుసు. ఆ ఉద్యోగం నువ్వు చేజేతులా పారేసుకుని, పైగా జైలుకి వెళ్తానంటే చూస్తూ ఊరుకోను. ఆ రోజు నువ్వు కాకపోతే ఇంకొకరు రాసేవారు. ఆ కుర్రాడికి జరిగింది జరిగేదే.

నీకు తెలీని సంగతి ఒకటుంది. నేరం ఒప్పుకున్నవాడికే శిక్ష త్వరగా పడుతుంది. చేయించినవాడు వకీలుని పెట్టుకుని బయటపడతాడు. ఇది నేను కళ్లారా చూసిన న్యాయం.

నోరు విప్పకు. మిగతాది నేను చూసుకుంటాను.

త్రినాథరావు

పటాన్‌చెరు,
12 ఆగస్టు 1977.

అన్నయ్యకి,

నెలరోజులు నీకు రాయలేదు. నీ మాటలకి బాధ కలిగింది, అయినా అది నీ ప్రేమ అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు ఇక్కడ జరిగింది విను.

మంగళవారం నాకు జోగిపేటకి బదిలీ ఉత్తర్వు వచ్చింది. నేను సాక్ష్యం చెబుతానని అర్జీ ఇచ్చి ఇంకా వారం కాలేదు. ఇది ఎవరి పనో తెలుసుకోలేనంత అమాయకురాలినా? నేరుగా డాక్టరుగారి గదికి వెళ్లాను. స్టాఫు, రోగులు అందరూ ఉన్నారు. "చేసింది చాలక నన్ను తరిమేస్తున్నారా? మీరెంత దూరం తరిమినా సంగారెడ్డికి బస్సుంది" అని గట్టిగా అరిచాను. ఆయన "నాకేం తెలియదు సిస్టర్" అన్నారు. పచ్చి అబద్ధాలకోరు అన్నాను. పదిహేనేళ్ల సర్వీసులో ఎప్పుడూ గొంతు పెంచనిదాన్ని. బయటికి వచ్చాక తేలికపడ్డాను.

వచ్చే మంగళవారం జోగిపేటలో చేరతాను. విచారణ సెప్టెంబరు చివరలో.

నాగరత్నం

కాకినాడ,
13 ఆగస్టు 1977.

చి. నాగరత్నానికి ఆశీస్సులు.

ఈపాటికి నీకు ఉత్తర్వు అందే ఉంటుంది. ఊపిరి పీల్చుకో! నాకంటే చిన్నవాడే గాని పాత స్నేహితుడు నరసింహమూర్తి హైదరాబాదులో మీ శాఖ పెద్దాఫీసులోనే సూపరింటెండెంటుగా ఉన్నాడని మొన్ననే తెలిసింది. ఒక్క ఉత్తరం రాశాను. అసలు సంగతి చెప్పలేదులే, ఆరోగ్యం బాగోలేదని మాత్రం రాశాను. వారం తిరక్కుండా పని చేసిపెట్టాడు. జోగిపేట మంచి ఊరని, అక్కడ నిన్నెవరూ పట్టించుకోరని అన్నాడు. అటు ఆ డాక్టరు కంటికీ, ఇటు ఆ కుర్రాడి కంటికీ దూరంగా ఏడాది గడిపితే అందరూ మరిచిపోతారు.

మీ వదిన సున్నుండలు చేసింది. కొత్త చిరునామా రాస్తే పంపుతాం.

త్రినాథరావు

జోగిపేట,
18 ఆగస్టు 1977.

మహారాజశ్రీ త్రినాథరావు గారికి,

మీ ఉత్తరం పాత చిరునామా నుంచి తిరిగి ఇక్కడికి వచ్చింది.

చేయని పనికి నేనొక మనిషిని పదిమందిలో అబద్ధాలకోరని అరిచాను. ఆయన చేసిన పాపం చాలా పెద్దది. అయినా ఇది ఆయన చేయలేదు. నాకు చెప్పకుండా, నన్ను అడగకుండా, నా వెనక నుంచి మీరు చేశారు. నా ఒంట్లో లేని జబ్బు మీరు కాగితం మీద రాశారు. నేను యాదన్నకి లేని పిల్లల్ని రాసినట్టే.

ఒకే రక్తం కదా, ఇద్దరి చేతిరాతా ఒకటే.

సున్నుండలు పంపకండి.

నాగరత్నం

జోగిపేట,
27 సెప్టెంబరు 1977.

అన్నయ్యా,

కోపం పోలేదు. అయినా చెప్పుకోవడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు?

నిన్న కలెక్టరాఫీసులో విచారణ జరిగింది. అంతకు ముందే నర్సింహమ్మకి నా నోటితో చెప్పాలని మూడుసార్లు వాళ్ల ఊరి పొలిమేర దాకా వెళ్లాను. మూడుసార్లూ తిరిగొచ్చాను. అందుకని ఆమె ఆ హాల్లో కూర్చుని, పదిమందితోపాటు వినాల్సి వచ్చింది. "వేలిముద్ర ఎవరిది?" అని అధికారి అడిగారు. "నాది" అన్నాను. నర్సింహమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. యాదన్న ఆమెని పట్టుకుని బయటికి తీసుకెళ్లాడు. నేను తలతిప్పి చూడలేదు. చూస్తే ఇక మాట్లాడలేనని తెలుసు.

ఇంకుప్యాడు తెప్పించమన్నాను. అధికారి ముందే తెల్లకాగితం మీద నా ఎడమ బొటనవేలు వేసి, "పోల్చి చూసుకోండి" అన్నాను. హైదరాబాదు పంపుతున్నారు.

తర్వాత డాక్టరుగారు లేచారు. వేలిముద్ర నాదే కావచ్చన్నారు. పన్నెండు పూర్తి చేసుకోవడానికి నా అంతట నేనే వేశానన్నారు. తాను రాయమననే లేదన్నారు. "ఈమెకి నా మీద పగ. బదిలీ నేను చేయించానని అందరి ముందు నన్ను తిట్టింది. సాక్షులున్నారు" అన్నారు. అధికారి నన్నడిగారు: "బదిలీ డాక్టరు చేయించలేదని మీకిప్పుడు తెలుసా?"

"తెలుసు."

"మరి ఎవరు చేయించారు?"

నేను జవాబు చెప్పలేదు. నీ పేరు చెబితే నీ స్నేహితుడి ఉద్యోగానికి ముప్పు. ఈ వయసులో నిన్ను బోనులో నిలబెట్టడం నాకిష్టం లేకపోయింది. నోరు విప్పకపోవడం నువ్వు చెప్పిన పాఠమేగా, దాన్నక్కడ అప్పజెప్పాను. అధికారి కలం కింద పెట్టి, "నిజం చెప్పడానికి వచ్చి ఇది దాస్తే, మిగతాది ఎలా నమ్మమంటారమ్మా?" అన్నారు.

అక్టోబరు పదిహేడున ఆఖరి విచారణ. నేను వేసిన వేలిముద్రకి శిక్ష నేను అనుభవిస్తాను, అన్నయ్యా. అయితే వేయించినవాడు నా మౌనం అడ్డం పెట్టుకుని బయటపడుతున్నాడు. నువ్వు కళ్లారా చూశానన్న న్యాయం ఇదేనా?

నిన్నేమీ అడగడం లేదు. జరిగింది రాశాను.

నాగరత్నం

కాకినాడ,
6 అక్టోబరు 1977.

అమ్మా నాగరత్నం,

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. సగంలోనే ఆపించింది. "చెల్లెలి నోరు నొక్కడానికి ఒక కాగితం పుట్టించావు. ఆ నోరు తెరిపించడానికి ఇంకో కాగితం రాయలేవా?" అంది. ఆవిడ నాతో అంత మాట అనడం ముప్పయ్యేళ్లలో ఇదే మొదలు.

రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించానంటే, తప్పించుకునే దారులు వెతికానని అర్థం. ఒక్కటీ దొరకలేదు. నీకు రాయలేదు గాని, పదిహేను రోజుల కిందట నాకు హెర్నియా ఆపరేషను అయింది; కుట్లు ఇంకా మానలేదు, డాక్టరు ప్రయాణం చేయనివ్వడు. అందుకని నిన్న మేజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం రాసి సంతకం చేశాను. నా చెల్లెలికి జబ్బు లేదనీ, ఆమెకి తెలియకుండా నేనే అబద్ధం రాసి బదిలీ చేయించాననీ, ఆమెని సాక్ష్యం నుంచి తప్పించడమే నా ఉద్దేశమనీ రాశాను. ఆమె జూలైలోనే నాకు రాసిన ఉత్తరంలో డాక్టరు చెప్పిన మాటలు ఉన్నాయనీ, అప్పటికి బదిలీ లేదు, పగా లేదనీ రాశాను. ఆ ఉత్తరం కాల్చేసింది నేనేనని కూడా రాశాను. అది ఉండి ఉంటే నీకెంత బలమయ్యేదో తలుచుకుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంది.

మూర్తి పేరు రాయక తప్పలేదు. వాడికి ముందుగా చెప్పాను. "మన స్నేహం ఇంతటితో సరి" అని కార్డు వచ్చింది. వాడి తప్పేం లేదు, నమ్మి చేశాడు.

నలభై ఏళ్లు ఇతరుల ప్రమాణాలు రాసుకున్నాను. నా అంతట నేను చేయడం ఇదే మొదటిసారి. సంతకం పెడుతుంటే గుమాస్తా కుర్చీలో ఉన్నవాడు నా శిష్యుడే, తల వంచుకున్నాడు. నేను వంచుకోలేదు.

రిజిస్టరు పోస్టులో విచారణాధికారికి పంపాను. నకలు ఇందులో ఉంది. వాళ్లు అడిగినదానికల్లా జవాబు చెప్పు. నా పేరుతో సహా.

నీ అన్నయ్య

జోగిపేట,
22 జనవరి 1978.

అన్నయ్యకు, వదినకు నమస్కారాలు.

దివిసీమ తుఫాను వార్తలు విన్నప్పటినుంచి మీ గురించే బెంగ. వదిన రాసిన కార్డు అందాక స్థిమితపడ్డాను.

విచారణ ఫలితం వచ్చింది. అక్టోబరులో నీ ప్రమాణపత్రం అధికారి పైకే చదివారు. ఉత్తరం కాల్చేశానన్న చోట ఆగి, రెండోసారి చదివారు. ఆ తర్వాత క్యాంపులో నా పక్కన పనిచేసిన అరుణమ్మ, ఏడాదిగా ఎవరితోనూ పెదవి విప్పని మనిషి, తనకు తానే లేచి నిలబడింది: "నేనున్న సారూ ఆ దినం. రాయమన్నది డాక్టరే. నేను గూడ ఇన్న."

యాదన్న వయసు, పిల్లలు, ఒప్పుదల మూడూ అబద్ధమని తీర్పు రాశారు. బలవంతంగా చేసిన ఆపరేషనని కాగితం మీద ఒప్పుకున్నారు. డాక్టరుగారిని సస్పెండు చేసి శాఖాపరమైన విచారణ వేశారు. అది ఎన్నాళ్లు సాగుతుందో, ఏమని తేలుతుందో నేను చెప్పలేను. ఆయనకి పెద్ద పెద్దవాళ్లు తెలుసు. నన్నూ సస్పెండు చేశారు. కేసు పెట్టాలా వద్దా అన్నది ఇంకా పరిశీలనలో ఉందట. పెడితే పెట్టనీ. నేను ఊరు విడిచి పోను.

యాదన్నకి హైదరాబాదు పెద్దాసుపత్రిలో మళ్లీ కలిపే ఆపరేషను చేశారు. ఫలితం ఉంటుందని డాక్టర్లు మాటివ్వలేదు. ఆసుపత్రిలో అతని పక్కన బక్కమ్మ ఉంది. "మావోళ్లు వద్దన్నరు. నేనే బస్సెక్కి వచ్చిన" అంది. నాకు వీపు తిప్పి అతని దుప్పటి సర్దింది.

తీర్పు నకలు పట్టుకుని నేను ఎర్రకుంటపల్లి వెళ్లాను. ఈసారి పొలిమేర దగ్గర ఆగలేదు. నర్సింహమ్మ కల్లంలో కందులు చెరుగుతోంది. కాగితం చదివి వినిపించమంది. చదివాను. ఇరవై మూడేళ్లు, పిల్లలు లేరు, ఒప్పుకోలేదు అన్న మూడు మాటలూ మళ్లీ మళ్లీ చదివించుకుంది. కాగితం మడిచి రొంటిన దోపుకుంది.

"నిజం చెప్పినవు. మంచి పని జేసినవు" అంది. చేట కింద పెట్టి లేచి నిలబడింది. "నా కొడుకు పేరు మీది అబద్ధం పోయింది. గది నువ్వే రాసినవు, నువ్వే కొట్టేసినవు. కాని నాగరత్నం, ఇగ మా ఇంటికి రాకు. నిన్ను సూస్తే నాకు గా బడి కండ్లల్ల మెదుల్తది."

ఇన్నేళ్లలో ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

నేను క్షమించమని అడగలేదు. అడగడానికి వెళ్లానేమో నాకే తెలియదు. ఆమె చెప్పింది సబబే అనిపించింది. సరే అక్కా అన్నాను, వచ్చేశాను. దారి పొడుగునా ఏడ్చాను, నీ దగ్గర దాపరికమెందుకు.

ఏడుపు అయ్యాక ఒక పని మొదలుపెట్టాను. ఆ రిజిస్టరులో నా రాత కింద ఇంకా పదకొండు పేర్లున్నాయి. నలుగురు నిజంగా ఒప్పుకునే వచ్చారు. ఏడుగురు ఒప్పుకుని రాలేదు. వాళ్లకి కూడా నేను వయసులు పెంచాను, పిల్లల్ని కలిపాను. వాళ్లెవరూ అర్జీ పెట్టలేదు. పెట్టొచ్చని వాళ్లకి తెలియదు. ఆ పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు ఉద్యోగం లేదు, తీరిక ఉంది. ఒక్కొక్కరి ఇంటికీ నేనే వెళ్లి, మీ కాగితంలో నేను రాసింది ఇదీ అని చెబుతున్నాను. ఒకాయన కుక్కని వదిలాడు. ఇంకొకాయన భార్య దోసెడు దుమ్మెత్తి పోసింది. మూడో ఆయన మాత్రం, "మరి నేనేం జెయ్యాలె? గది చెప్పు" అన్నాడు. నువ్వు పంపిన ముసాయిదా చూసి అతని అర్జీ రాశాను. బుధవారం నాడు ఇద్దరం సంగారెడ్డి వెళ్లి ఇస్తాం.

ముసాయిదాలు ఇంకో నాలుగు పంపు. పెద్ద అక్షరాలతో రాయి, చాలామంది కూడబలుక్కుని చదువుతారు. రేపు పొద్దున్నే బొంతపల్లి బస్సెక్కుతున్నాను. నాలుగో ఇల్లు అటువైపే.

నీ చెల్లెలు
నాగరత్నం